మహిళా రైతుల్లో మధుమేహం - మూత్ర సమస్యలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరినాట్లకు వెళ్లే మహిళల్లో చాలామంది ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే నీళ్లు తక్కువగా తాగుతారు. దాహం లేక కాదు, గట్టున చాటు దొరకదని. దగ్గినా, నారుకట్ట ఎత్తినా మూత్రం చుక్కలుగా పడుతుంటే కాన్పుల ఫలితమని, వయసు ప్రభావమని సరిపెట్టుకుంటారు. కాన్పులు, రుతుక్రమం ఆగిపోవడం ఇందుకు కారణాలే. అయితే జీవక్రియలో వచ్చే లోపాల పాత్ర కూడా తక్కువేమీ కాదు.

రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటినప్పుడు మూత్రపిండాలు దానిని పూర్తిగా తిరిగి పీల్చుకోలేవు. మిగిలిన చక్కెర తనతోపాటు నీటిని కూడా లాగుకొని పోతుంది. అందువల్ల రాత్రి పలుమార్లు లేవవలసి వస్తుంది. మధుమేహం వల్ల రోగనిరోధక శక్తి మందగించడంతో మూత్రనాళ ఇన్ఫెక్షన్లు తిరగబెడతాయి. ఏళ్ల తరబడి అదుపులేని చక్కెర మూత్రాశయపు నరాలను దెబ్బతీస్తే సంచి నిండినట్లు తెలియదు, పూర్తిగా ఖాళీ కాదు. నిలిచిన మూత్రంలో సూక్ష్మజీవులు మళ్లీ పెరుగుతాయి. ఇక పొట్ట చుట్టూ చేరిన కొవ్వు కటి కండరాలపై నిత్యం ఒత్తిడి కలిగిస్తుంది. మన మహిళల్లో నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటితే, చూపుకు సన్నగా ఉన్నా, జాగ్రత్త పడవలసిందే.

ఈ నష్టంలో కొంత వెనక్కి మళ్లుతుందనడానికి ఆధారం ఉంది. అమెరికాలో అధిక బరువు గల 338 మంది మహిళలపై జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలల్లో సగటున 8 శాతం బరువు తగ్గినవారికి మూత్రం జారే సందర్భాలు 47 శాతం తగ్గాయి. పోలిక బృందంలో ఆ తగ్గుదల 28 శాతమే.

ఉద్దానం విషయంలో మాత్రం తొందరపాటు తగదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కనిపించే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధికి మూలకారణం ఇంకా తేలలేదు. మధుమేహం వల్ల వచ్చే కిడ్నీ జబ్బుతో దానిని కలిపివేయరాదు. పైగా తొలిదశ కిడ్నీ వ్యాధిలో మూత్రబాధలేవీ లేకపోవచ్చు. మంట, చుక్కలు పడటం ఉన్నంత మాత్రాన కిడ్నీ పోయినట్లు కాదు, అవి లేనంత మాత్రాన బాగున్నట్లూ కాదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలే దారి. నాట్ల నొప్పులకు దుకాణంలో కొని మింగే నొప్పి మాత్రలు కిడ్నీకి చేటు చేయగలవని ఇక్కడ గట్టిగానే చెప్పాలి.

ఆహారం మన రంగానికి దగ్గరి విషయం. విజయనగరం పరిశోధన స్థానం చిరుధాన్యాలపై దీర్ఘకాలంగా కృషి చేస్తున్నది. చోడి, సామ, కొర్రలను ప్రచారం చేయడం మంచిదే గాని, వాటిని మధుమేహానికి మందుగా చెప్పడం సరికాదు. మెత్తని పిండిని పలుచని జావగా కాచి గ్లాసుల కొద్దీ తాగితే చక్కెర త్వరగానే పెరుగుతుంది. పళ్లెంలో అన్నం తగ్గి, పప్పు, ఆకుకూర పెరిగితేనే చిరుధాన్యం మేలు చేస్తుంది.

క్షేత్ర దినోత్సవానికి మహిళలను పిలిచేటప్పుడు మరుగుదొడ్డి ఏర్పాటు ఉందో లేదో ముందుగా చూడాలి. అది లేనిచోట నీళ్లు ఎక్కువగా తాగమని చెప్పే సలహాను ఎవరూ పాటించరు. మాట్లాడే బాధ్యతను మహిళా శాస్త్రవేత్తకో, ఆశా కార్యకర్తకో అప్పగించి, పురుషులను కొంతసేపు పక్కకు పంపడం మేలు. కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాన్ని అక్కడే నేర్పవచ్చు. ఫలితం తెలియడానికి కనీసం మూడు నెలలు పడుతుందని మొదటి రోజే చెప్పకపోతే, రెండో వారానికే మానేస్తారు.