పాత మడతకత్తి: తోమకముందే చదవండి

నేటాలులోని తెలుగువారి ఇళ్లలో, పాత పెట్టె అడుగున, తుప్పుపట్టి బిగుసుకుపోయిన మడతకత్తి ఒకటి దొరకవచ్చు. “ఓడలో వచ్చిన ముత్తాతగారిది” అని పెద్దలు చెబుతారు. ఆ మాటకు సాక్ష్యం కత్తిమీదనే ఉంటుంది. తొందరపడి గరుకుకాగితంతో రుద్దితే మొట్టమొదట చెరిగిపోయేదీ ఆ సాక్ష్యమే.

కత్తిలో కోసే లోహభాగాన్ని అలుగు అంటారు. చేత పట్టుకొనే భాగం పిడి. ఆ రెండూ కలిసే కీలు దగ్గర, అలుగు మొదట, తయారీదారుల ముద్ర ఉంటుంది. దానిని పగటి వెలుగులో ఏటవాలుగా పట్టి భూతద్దంతో చూడాలి.

బ్రిటిషు వలసరాజ్యాలలో షెఫీల్డు నగరపు కత్తులు విరివిగా అమ్ముడుపోయేవి. వాటిలో జోసెఫ్ రాడ్జర్స్ సంస్థ గుర్తు ఒక నక్షత్రం, ఒక మాల్టా శిలువ. కిరీటానికి ఇరుప్రక్కల వి, ఆర్ అనే అక్షరాలుంటే అవి విక్టోరియా రాణివి (1837–1901). జి, ఆర్ అయితే జాగ్రత్త వహించాలి. జార్జి అనే రాజులు పలువురు. “స్టెయిన్‌లెస్” అనే మాట ఉంటే మాత్రం సందేహమే లేదు. ఆ ఉక్కును షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ రూపొందించినది 1913లో. మద్రాసునుండి ట్రూరో ఓడ డర్బను చేరినది 1860 నవంబరు 16న. ఒప్పంద కూలీలను పంపడం 1911లో ఆగిపోయింది. కనుక అట్టి కత్తి కూలీల ఓడలో వచ్చినది కాదు. తోట విడిచిన తరువాత సొంత సంపాదనతో కొన్నది కావచ్చు. నా దృష్టిలో అది ముత్తాతగారికి తక్కువ గౌరవమేమీ కాదు.

కర్రపిడిలో నెలవంకలు, నక్షత్రాలు పొదిగి, తెరిచేటప్పుడు టకటకమని చప్పుడు చేసేది ఒకాపి కత్తి. దాని తయారీ 1902లో జర్మనీలో మొదలై, 1980ల చివర దక్షిణాఫ్రికాకు మారింది.

ఇక బాగుచేయడం. బిగుసుకున్న అలుగును పట్టకారుతో లాగవద్దు, గోటిగాడి విరుగుతుంది. కీలులో రెండు మూడు చుక్కల కుట్టుమిషను నూనె వేసి ఒక రాత్రి ఉంచండి. వంటనూనె పనికిరాదు, ఆరి జిగురవుతుంది. మరునాడు చేతికి మందపాటి గుడ్డ చుట్టుకొని మెల్లగా తెరవండి. రాకపోతే మళ్లీ నూనె, మళ్లీ ఒక రాత్రి. లోపలి మురికిని వెదురు పుల్లతో తీయండి. ఎముక పిడిని, కొమ్ము పిడిని నీళ్లలో నానబెట్టకూడదు, ఆరేటప్పుడు బీటలిస్తాయి.

ఎర్రని తుప్పును నూనెలో తడిపిన మిక్కిలి సన్నని ఉక్కుపీచుతో తీయాలి, ముద్ర జోలికి పోకుండా. బూడిదరంగు నలుపును ఉండనివ్వండి. అది తుప్పు కాదు, ఏళ్ల వాడకం ఉక్కుకు ఇచ్చిన రంగు. తిరిగే సానచక్రం మీద మెరుగు పెట్టిస్తే అలుగు వేడెక్కి, ఉక్కు మెత్తబడి, పదును నిలవదు.

తోలుసంచి తేమను పట్టి ఉంచుతుంది; కత్తిని నూలుగుడ్డలో చుట్టండి. ముద్ర ఛాయాచిత్రాన్నీ, అది ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదో వ్రాసిన చీటీనీ దానితోబాటు ఉంచండి.