స్వీడను క్రీడాకారిణి పియా సుంధాగె

ఫుట్‌బాల్ ఆటలో ముందువరుస నిలిచి గోలు కొట్టువారిమీదనే ప్రేక్షకుల చూపు ఎల్లప్పుడును నిలుచును. బంతి తమ కాలికి రాకముందే అది ఎచ్చటికి రాగలదో ఊహించి, ఎదుటిపక్షమువారి నడుమ చోటు వెదకుకొనుటయే వారి విద్య. స్వీడను దేశపు పియా సుంధాగె ఈ విద్యలో ఆరితేరినది. కాని ఆమె తరమునకు చెందిన స్త్రీలకు మైదానమున చోటు వెదకుకొనుటకంటె, మైదానములోనికి ప్రవేశించుటయే కష్టతరమైన పని.

సుంధాగె 1960 ఫిబ్రవరి 13వ తేదీన ఉల్రిసెహామ్న్ అను చిన్న పట్టణమున జన్మించినది. ఆమె బాల్యమున అచ్చట ఆడుకొనుటకు బాలికల జట్టు లేదు. ఆమె నేర్పును గమనించిన శిక్షకుడు, 'పెల్లె' అను మగపిల్లవాని పేరు పెట్టి, ఆమెను బాలుర జట్టులో ఆడించెను. ఆ బాలికయే 1975లో, పదునైదేండ్ల ప్రాయమున, స్వీడను జాతీయ జట్టులో స్థానము పొందినది. స్త్రీల జాతీయ జట్టు తన తొలి పందెమాడి అప్పటికి రెండేండ్లు మాత్రమే గడచినవి.

ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య స్త్రీల జాతీయ జట్లకు మొట్టమొదటిసారి పోటీ నడిపినది 1982–84 సంవత్సరములలో. పురుషుల పందెము 90 నిమిషములు సాగుచుండగా, స్త్రీల పందెమును 70 నిమిషములకు కుదించిరి. బంతియు చిన్నదే. పూర్తి ఆటకు స్త్రీలు తాళలేరను శంక ఈ నిబంధనలలో స్పష్టముగా కనబడుచున్నది.

ఆ పోటీలో తుదకు మిగిలినవి స్వీడను, ఇంగ్లండు జట్లు. వారి నడుమ రెండు పందెములు జరుగవలెను. 1984 మే 12న గోటెన్‌బర్గు నగరమున జరిగిన మొదటి పందెములో ఒకే ఒక గోలు పడినది. దానిని సాధించినది సుంధాగె. మే 27న ఇంగ్లండులోని లూటన్ పట్టణమున, బురదమయమైన మైదానముపై రెండవ పందెము జరిగెను. ఈసారి ఇంగ్లండు ఒక గోలు కొట్టుటతో ఉభయపక్షములు సమమయ్యెను.

ఇట్టి సమయమున పెనాల్టీ దెబ్బలచే జయాపజయములు నిర్ణయింతురు. గోలునకు 12 గజముల దూరమున బంతి నుంచి, ఒక్కొక్క పక్షమునుండి ఐదుగురు వంతులవారీగా కొట్టవలెను. అడ్డగించుటకు గోలు కాపరి తప్ప వేరెవ్వరును ఉండరు. చూచుటకు సులభమే, కాని దేశమంతటి ఆశ ఒక్క కాలిపై నిలిచినపుడు ఆ 12 గజములే దుర్గమమైన దూరముగా తోచును. ఇంగ్లండు దెబ్బలు రెండు వ్యర్థమైనవి. స్వీడను పక్షమున చివరి వంతు సుంధాగెది. ఆమె గురి తప్పలేదు. 4–3తో కప్పు స్వీడనుకు దక్కెను.

అటుపై ఆమె ఇటలీకి వెళ్లి లాజియో జట్టులో ఆడెను. 1988లో స్వీడను తపాలాబిళ్లపై ఆమె చిత్రము వెలువడెను. 1991లో చైనాలో జరిగిన స్త్రీల ప్రథమ ప్రపంచ పోటీలో స్వీడను మూడవ స్థానము పొందినది. అప్పుడు పందెము 80 నిమిషములు. 1995లో స్వీడనులోనే జరిగిన రెండవ ప్రపంచ పోటీనాటికి అది 90 నిమిషములయ్యెను. 70 నుండి 90కి పెరిగిన ఆ ఇరువది నిమిషములను స్త్రీలకు ఎవ్వరును దానముగా ఇయ్యలేదు. సుంధాగె వంటివారు ఆడి చూపి సంపాదించినవి. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో స్త్రీల ఫుట్‌బాల్‌కు మొదటిసారి స్థానము లభించెను. ఆ క్రీడలలో పాల్గొనిన సుంధాగె ఆ యేడే జాతీయ జట్టునుండి విరమించినది. ఆడిన పందెములు 146; కొట్టిన గోళ్లు 71.

పిదప ఆమె శిక్షకురాలయ్యెను. ఆమె నేతృత్వమున అమెరికా జట్టు 2008, 2012 ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకములు గెలుచుకొన్నది. 2016లో ఆమె స్వదేశపు జట్టును రజతపతకమువరకు నడిపించెను. 2021 నవంబరులో ఆమె శిక్షణలోని బ్రెజిలు జట్టు మనౌస్ నగరమున మన భారత స్త్రీల జట్టును 6–1తో ఓడించినది. మన పక్షమున ఆ ఒక్క గోలు మనీషా కల్యాణ్ సాధించెను. ఓటమి పెద్దదే. అయినను మన యువతులు తమ సొంత పేర్లతో, తమ దేశపు దుస్తులతో, పూర్తి 90 నిమిషములు ఆ మైదానమున నిలిచి ఆడిరి. సుంధాగె బాల్యమున ఏ బాలికకును లేని హక్కు అది.