మిషన్లతో పాటు రానిది: నాలుగు ఊళ్ల లెక్కలు

1979లో బంగ్లాదేశ్ నుంచి 130 మంది చొక్కాలు కుట్టడం నేర్చుకోవడానికి దక్షిణ కొరియాలోని పుసాన్ వెళ్లారు. వాళ్లను పంపింది చిట్టగాంగ్‌లో పెడుతున్న దేశ్ గార్మెంట్స్ అనే కొత్త కంపెనీ. దాని యజమాని నూరుల్ ఖాదర్ ఖాన్ అంతకు ముందు ప్రభుత్వాధికారి. నేర్పింది కొరియా కంపెనీ దేవూ. బట్టల దిగుమతి మీద ధనిక దేశాలు 1974 నుంచి దేశాలవారీగా కోటాలు పెట్టడంతో కొరియా ఎగుమతులకు అడ్డుకట్ట పడింది. కోటా బెడద లేని దేశంలో కుట్టిస్తే మళ్లీ అమ్ముకోవచ్చన్నది దేవూ లెక్క. ఆరు నెలల శిక్షణ ముగించుకుని వాళ్లు తిరిగొచ్చారు. 1980లో ఉత్పత్తి మొదలైంది. తొలి ఏడాది ఎగుమతి 43 వేల చొక్కాలు, 55,050 డాలర్లు. 1987 వచ్చేసరికి 23 లక్షల చొక్కాలు, 53 లక్షల డాలర్లు.

ఏడేళ్లలో ఎగుమతి విలువ 96 రెట్లు పెరిగింది. అయినా ఈ కథలో అసలు అంకె అది కాదనిపిస్తుంది నాకు. ఆ 130 మందిలో 115 మంది అదే కాలంలో దేశ్‌ను వదిలి వెళ్లిపోయారు. కొందరు సొంత ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు, మిగతావాళ్లు కొత్తగా పుట్టుకొస్తున్న ఫ్యాక్టరీల్లో చేరి అక్కడివాళ్లకు పని నేర్పారు. ఇప్పుడు బంగ్లాదేశ్ రెడీమేడ్ దుస్తుల ఎగుమతి ఏటా దాదాపు 4 వేల కోట్ల డాలర్లు. ఘనతంతా ఆ 130 మందిదే అనలేం. చౌక కూలీ ఉంది, కోటాలు కలిసొచ్చాయి. సుంకం కట్టకుండా గుడ్డ తెచ్చుకునేందుకు బాండెడ్ గోదాములు, ఎగుమతి ఆర్డరు మీద వచ్చిన ఎల్‌సీ (బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) చూపించి గుడ్డ కొనడానికి ఇంకో ఎల్‌సీ తెరుచుకునే వీలు కూడా తోడయ్యాయి. అయితే కుట్టు మిషన్లు అప్పటికే డబ్బున్న ఎవరైనా కొనగలిగే సరుకు. లైనులో ఏ మిషన్ తర్వాత ఏది ఉండాలి, కాలరు దగ్గర పని పేరుకుపోతే ఎవరిని అక్కడికి మార్చాలి, ఆర్డరు కాగితంలో కొలతలు ఎలా చదవాలి అన్నవి మాత్రం మిషన్‌తో పాటు పెట్టెలో రావు. అవి మనుషుల్లో ఉంటాయి. మనుషులు కదిలితే వాళ్లతో పాటు కదులుతాయి.

వర్ధమాన దేశాల్లో ఒకే రకం మిషన్లున్న రెండు కంపెనీల్లో ఒకటి బతికి ఇంకొకటి ఎందుకు చితికిపోతుందో చెప్పడానికి ఆర్థికవేత్తలు ‘సంస్థాగత సామర్థ్యం’ అనే మాట వాడతారు. వినడానికి గాలిమాటలా ఉంటుంది కానీ దాన్ని కొలిచారు. కొలిచిన చోటు మన దేశంలోనే, ముంబయి పక్కన తారాపూర్, ఉంబర్‌గావ్ పారిశ్రామిక వాడల్లో.

నికొలస్ బ్లూమ్, మరో నలుగురు పరిశోధకులు అక్కడి 17 బట్టల కంపెనీలను, వాటికి చెందిన 28 ఫ్యాక్టరీలను ఎంచుకున్నారు. సగటున 270 మంది పనివాళ్లున్న కంపెనీలంటే మన లెక్కలో చిన్నవేమీ కాదు. లోపల చూస్తే నేల మీద చెత్త, మూలల్లో ఏ రంగో ఏ నంబరో రాసిలేని నూలు మూటలు. మగ్గం చెడిపోయాకే మెకానిక్‌ను పిలవడం అలవాటు. నేసిన గుడ్డను దీపం వెలుగులో పరచి, తెగిన పోగులు, మరకలు వెతికి చేత్తో సరిచేసేందుకే పనివాళ్లలో దాదాపు ఐదో వంతు మంది పోతున్నారు. ఏ మగ్గం మీద, ఏ షిఫ్టులో, ఏ లోపం వచ్చిందో రాసిపెట్టే పుస్తకం మాత్రం లేదు. లోపాన్ని సరిచేయడానికి జీతాలిస్తున్నారు గానీ అది ఎక్కడ పుడుతోందో చూసే మనిషి లేడు.

పరిశోధకులు 38 పద్ధతుల జాబితా తయారు చేశారు. అందులో ఒక్కటి కూడా గొప్ప సాంకేతిక విషయం కాదు. లోపాలు నమోదు చేయడం, రోజూ వాటి గురించి మాట్లాడుకోవడం, నూలు నిల్వకు రిజిస్టరు, మగ్గాలకు వేళకు నూనె, మరమ్మతు. మొదట్లో ఆ ఫ్యాక్టరీల్లో అమల్లో ఉన్నవి వాటిలో నాలుగో వంతే. లాటరీ పద్ధతిలో ఎంపికైన ఫ్యాక్టరీలకు సలహాదారులను నాలుగు నెలలు ఉచితంగా పంపారు. మిగతా వాటికి లోపాలేమిటో చెప్పి వదిలేశారు. సాయం అందిన చోట్ల మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. నాణ్యత లోపాలు నూటికి 40కి పైగా తగ్గాయి. ఒక్కో ఫ్యాక్టరీకి ఏటా 3 లక్షల డాలర్లకు పైగా అదనపు లాభం వస్తుందని అంచనా కట్టారు. అదే సలహా బజారులో కొంటే అయ్యే ఖర్చు సుమారు రెండున్నర లక్షల డాలర్లు. పెట్టుబడి మొదటి ఏడాదే తిరిగొస్తుందన్నమాట.

అంత లాభం ఉంటే యజమానులు ముందే ఎందుకు చేయలేదు? చాలామంది చెప్పిన జవాబు, మా సరుకు పక్కవాళ్ల సరుకు లాంటిదే కదా అని. లోపాలు రాసిపెట్టని మనిషికి వాటి ఖరీదు తెలిసే దారి లేదు. తెలియని నష్టాన్ని తగ్గించుకోవాలని ఎవరికీ తోచదు. ఇంకో కారణం కుటుంబం. అధికారం బయటివాళ్ల చేతికివ్వడానికి ఇష్టపడరు కాబట్టి, కంపెనీ ఎంత పెరగాలన్నది ఆ ఇంట్లో ఎంతమంది మగపిల్లలున్నారన్న దాని మీద ఆధారపడి ఉంది. సామర్థ్యం ఉన్న కూతుళ్లు, మేనేజర్లు ఈ లెక్కలోకే రాలేదు. ఆ ఇళ్లకూ దేశానికీ దానివల్ల ఎంత నష్టమో ఏ పట్టికలోనూ కనిపించదు.

ఎనిమిది, తొమ్మిదేళ్ల తర్వాత పరిశోధకులు మళ్లీ వెళ్లారు. కొత్తగా మొదలుపెట్టిన పద్ధతుల్లో సుమారు సగం మూలపడ్డాయి. మేనేజర్ మారిన చోట, యజమానికి తీరిక లేని చోట ముందు పోయాయి. అయినా సాయం అందిన ఫ్యాక్టరీలు మిగతా వాటికన్నా ముందే ఉన్నాయి. అదే యజమానికి ఉన్న ఇతర ఫ్యాక్టరీలకూ పద్ధతులు పాకాయి. పక్క కంపెనీకి మాత్రం పెద్దగా పాకలేదు.

పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ లెక్క ఇంకో రకం. ప్రపంచంలో చేత్తో కుట్టే ఫుట్‌బాళ్లలో ఎక్కువ భాగం ఆ ఊరివే. మనం బొమ్మల్లో చూసే బంతికి 32 ముక్కలుంటాయి, 20 ఆరు మూలలవి, 12 ఐదు మూలలవి. రెక్సిన్ షీటు మీద ఇనుప డై పెట్టి ప్రెస్‌తో కొట్టి ముక్కలు తీస్తారు. ఆరు మూలల ముక్కలు తేనెపట్టు గదుల్లా ఒకదాని పక్కన ఒకటి అతుక్కుంటాయి కాబట్టి వృథా తక్కువ. ఐదు మూలల ముక్కలకు ఆ వీలు లేదు. మధ్యమధ్య సందులు తప్పవు, ఆ రెక్సిన్ చెత్తలోకి పోతుంది. డేవిడ్ అట్కిన్, మరో నలుగురు పరిశోధకులు ముక్కలను తిరగేసి, కొంచెం పక్కకు జరిపి అమర్చే కొత్త డై తయారు చేశారు. పాత డైతో షీటుకు 250 దాకా వచ్చే ముక్కలు దీనితో 272 వస్తాయి. మొత్తం ఖర్చులో ఆదా ఒక శాతమే. అయితే ఆ వ్యాపారంలో లాభమే నూటికి 8 రూపాయలు. మిగిలిన 92 రూపాయల ఖర్చులో ఒక శాతమంటే 92 పైసలు. 8 రూపాయల లాభం 8.92 అవుతుంది, అంటే 11.5 శాతం పెరుగుదల. కొత్త డై ఖరీదు కూడా పెద్దదేమీ కాదు.

ఆ డైని 35 కంపెనీలకు ఉచితంగా ఇచ్చి, వాడే తీరు కూడా చూపించారు. పదిహేను నెలలు గడిచాక పెద్ద ఎత్తున వాడుతున్న కంపెనీలు ఐదు.

అడ్డు పడింది డబ్బు కాదు, తెలియకపోవడమూ కాదు. అక్కడ కటింగ్ పనివాళ్లకు ముక్కల లెక్కన కూలీ. కొత్త డైకి చెయ్యి అలవాటు పడేదాకా వేగం తగ్గుతుంది, ఆ కొన్నాళ్లూ కూలీ తగ్గుతుంది. మిగిలిన రెక్సిన్ డబ్బు మాత్రం యజమానికి పోతుంది. అందుకని ఆ డై పనికిరాదని కార్మికులు యజమానులకు చెప్పారు, యజమానులు నమ్మారు. నష్టం తన కూలీలోంచి, లాభం ఇంకొకరి జేబులోకి అయినప్పుడు ఎవరైనా అదే చెబుతారు. కార్మికుడిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

పరిశోధకులు ఈ కారణాన్నీ పరీక్షించారు. కొన్ని కంపెనీల్లో ఒక కటింగ్ కార్మికుడికీ, ఒక ప్రింటింగ్ కార్మికుడికీ ఒక షరతు పెట్టారు. యజమాని ఎదుట కొత్త డైతో పని చేసి చూపిస్తే ఒక నెల జీతం అదనం. కటింగ్ మనిషికి 150 డాలర్లు, ప్రింటింగ్ మనిషికి 120. ఏడాదికి పైగా మూలన పడున్న డైలు ఆ చిన్న మొత్తంతో, దాదాపు సగం కంపెనీల్లో ప్రెస్ కిందికొచ్చాయి.

ఇక మన ఊరు. 1961లో సోవియట్ యూనియన్ సాయంతో కేంద్రం ఐడీపీఎల్ స్థాపించింది. దాని సింథటిక్ మందుల ప్లాంటు హైదరాబాద్‌లో పెట్టారు. కంపెనీగా అది నిలవలేదు, 1990ల్లో ఖాయిలా జాబితాలో చేరింది. కానీ 1969 నుంచి 1975 దాకా అందులో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. అక్కడ రియాక్టర్ల దగ్గర చెయ్యి తిరిగిన ఇంకా చాలామంది నగరం చుట్టుపక్కల బల్క్ డ్రగ్ యూనిట్లు పెట్టారు, లేదా వాటిని నడిపారు. మందుకు కాకుండా దాని తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చే 1970 నాటి చట్టం వాళ్లకు తలుపు తెరిచింది. దేశ్ గార్మెంట్స్‌లో 115 మంది వెళ్లిపోవడం లాంటిదే ఇది కూడా. కంపెనీ ఖాతాలో నష్టంగా పడినది ఊరికి దక్కింది.

ఆ మనుషులు, ప్రయోగశాలలు ఉన్న ఊరు కాబట్టే శాంతా బయోటెక్నిక్స్ సాధ్యమైంది. హెపటైటిస్-బి టీకా టెక్నాలజీ కోసం వెళ్తే విదేశీ సంస్థ ఒకటి పొమ్మందని దాని వ్యవస్థాపకుడు వరప్రసాద్ రెడ్డి చాలాసార్లు చెప్పారు. 1993లో కంపెనీ పెట్టి, ఉస్మానియాలో, తర్వాత సీసీఎంబీలో పరిశోధన చేయించి 1997లో సొంత టీకా తెచ్చారు. దిగుమతి టీకా డోసు వందల రూపాయలు పలుకుతున్న రోజుల్లో దీన్ని 50 రూపాయల స్థాయికి దించారు.

మన దేశంలో బట్టల పరిశ్రమకు కొత్త మిషన్లు కొనుక్కోమని 1999 నుంచి కేంద్రం సాయం చేస్తూ వచ్చింది. మిషన్ కంటికి కనిపిస్తుంది, బిల్లు ఉంటుంది, బ్యాంకు తాకట్టు పెట్టుకుంటుంది. రిజిస్టరు రాసే అలవాటుకు బిల్లు ఉండదు. 2023 మార్చిలో కొత్త రూపంలో మొదలైన ఎంఎస్‌ఎంఈ లీన్ పథకం ఆ లోటును కొంత పూడుస్తోంది. ఫ్యాక్టరీకి వచ్చి పద్ధతులు నేర్పే సలహాదారు ఖర్చులో 90 శాతం కేంద్రమే భరిస్తుంది. జీడిమెట్లలోనో ఆటోనగర్‌లోనో చిన్న యూనిట్ నడిపే యజమాని కొత్త మిషన్‌కు అప్పు రాసే ముందు దీనికి దరఖాస్తు పెట్టుకోవాలి. సలహాదారు వచ్చినప్పుడు, తన వాటా పది శాతం పక్కన ఇంకో పద్దు కూడా రాసుకోవాలి. కొత్త పద్ధతి నేర్చుకుని చేసి చూపించిన కార్మికుడికి ఒక నెల జీతం.