లాడ్ బజార్ లక్కలో కెమిస్ట్రీ

పాలిమర్ల పాఠం వచ్చిందంటే మా పిల్లల్ని లాడ్ బజార్‌కు తీసుకెళ్తాను. (నేనూ ఖాళీ చేతులతో తిరిగి రాను, అది వేరే సంగతి.) 2024లో జీఐ గుర్తింపు పొందిన హైదరాబాద్ లక్క గాజులు పుట్టేది బొగ్గుల సెగ మీదే. మెత్తబడ్డ లక్క ముద్దను కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, రాళ్లూ అద్దాలూ ఒక్కొక్కటే అద్దుతారు.

లక్క పురుగు చెట్టుకొమ్మ మీద స్రవించే ఈ జిగురు సహజమైన పాలియెస్టర్. అందులో ముఖ్యమైనది అల్యూరిటిక్ ఆమ్లం: 16 కార్బన్లు, ఒక ఆమ్ల సమూహం, మూడు హైడ్రాక్సిల్ సమూహాలు. ఒక అణువులోని ఆమ్ల సమూహం ఇంకో అణువులోని హైడ్రాక్సిల్‌తో కలిస్తే ఎస్టర్ బంధం పడి, నీటి అణువు బయటికి పోతుంది. ఇదే సంఘనన పాలిమరీకరణ. నైలాన్, నీళ్ల సీసాల పెట్ కూడా ఈ బాపతే. లక్కను అదేపనిగా కాచారా, గొలుసుల మధ్య అడ్డబంధాలు పడి బిగుసుకుపోతుంది. ఆపైన ఎంత సెగ పెట్టినా కరగదు.

గాజులు వేసిచ్చే పాలిథిన్ సంచి కథ వేరు. 1933లో ఇంగ్లండులో ఐసీఐ రసాయన శాస్త్రవేత్తలకు అనుకోకుండా దొరికిన పదార్థమిది. ఇథిలీన్‌లోని జంట బంధం విచ్చుకుని అణువులు వరసగా అతుక్కుంటాయి, ఏదీ బయటికి పోదు. అందుకే సంకలన పాలిమర్ అన్నారు. వెన్నెముకంతా కార్బన్ బంధాలే కాబట్టి నీటికీ క్షారానికీ పట్టు దొరకదు. లక్కలోని ఎస్టర్ బంధం క్షారానికి లొంగుతుంది, లక్క స్పిరిట్‌లోనూ కరుగుతుంది. అందుకే స్పిరిట్ ఉండే శానిటైజర్ రాసుకునేముందు లక్క గాజులు తీసి పక్కన పెట్టండి.