కారులో టైమింగు బెల్టు

మోటారు కారులో చెడిపోయే భాగాలు చాలావరకు ముందుగా ఏదో ఒక సూచన చేస్తవి. బ్రేకులు కీచుమంటవి. బ్యాటరీ నీరసిస్తుంది. టైరు అరుగుదల కంటికే కనబడుతుంది. ఏ సూచనా లేకుండా తెగిపోయేది టైమింగు బెల్టు. అందుచేతనే దీనిని గురించి కొంత వివరంగా తెలుసుకొనవలసి ఉన్నది.

ఇంజనులో ముఖ్యమైన ఇరుసులు రెండు. పిస్టన్ల పోటుతో తిరిగి చక్రాలకు బలాన్ని అందించేది క్రాంకు షాఫ్టు. గాలి, పెట్రోలు లోనికి వచ్చే దారిని, కాలిన పొగ వెలుపలికి పోయే దారిని వాల్వులు కాపలా కాస్తవి. వాటిని వేళకు తెరిచేది క్యాము షాఫ్టు. మొదటిది రెండు చుట్లు తిరిగేలోగా రెండవది సరిగా ఒక్క చుట్టు తిరగవలెను. అంబాసడరు వంటి పాత కార్లలో ఈ రెంటినీ ఇనుప గొలుసు కలిపి ఉంచేది. అది వదులైనప్పుడు గలగలమని చెప్పేది కూడా. బెల్టు అలా కాదు. లోపలి వైపు పళ్ళు గల రబ్బరు పట్టీ అది. నిశ్శబ్దంగా పనిచేసి నిశ్శబ్దంగానే తెగుతుంది. కుట్టుమిషనులో సూదిని, అడుగునున్న బాబిన్‌ను ఒకే లయలో నడపడానికి అమెరికాలో పుట్టిన ఈ పట్టీ, జర్మనీలో గ్లాస్ కంపెనీ 1962లో విక్రయించిన చిన్న కారుతో మోటారు లోకంలోనికి వచ్చినది.

బెల్టు తెగితే కొన్ని ఇంజన్లు ఊరక ఆగిపోతవి. మరికొన్నిటిలో తెరిచి ఉన్న వాల్వులను పిస్టన్లు పైకి వచ్చి ఢీకొంటవి. బెల్టు ఖరీదు ఎక్కడ, ఇంజను విప్పించే ఖర్చు ఎక్కడ! కనుక కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లు, సంవత్సరాలు అనే రెండు గడువులలో ఏది ముందు వస్తే అప్పుడే మార్చవలెను. షెడ్డులో కదలకుండా ఉన్న కారులో సైతం రబ్బరు ముసలిదవుతుందన్న సంగతి చాలామంది మరచిపోతారు.

ఇంటివద్ద ఈ పని చేయదలచిన వారికి 1983 నుండి 2014 వరకు తయారైన మారుతి 800 వంటి చిన్న కారు అనువైనది. పానాలతో పని అలవాటు లేనివారు మాత్రం దీనితో ఆరంభించకపోవడమే మేలు. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత బ్యాటరీ తీగ విప్పవలెను. బెల్టు ఉన్న వైపు ముందు చక్రాన్ని జాకీతో లేపి, కారును గట్టి స్టాండుపై నిలపవలెను. కేవలం జాకీని నమ్మి కారు కిందికి చేయి పెట్టరాదు. ఆల్టర్నేటరును తిప్పే బయటి బెల్టును (ఫ్యానుకు దానితో సంబంధం లేకున్నా మెకానిక్కులు దానిని ఫ్యాను బెల్టనే పిలుస్తారు), కింది పుల్లీని, మూతను తీస్తే టైమింగు బెల్టు కనబడుతుంది.

ఇక్కడ తొందర పనికిరాదు. గేరును న్యూట్రలులో ఉంచి, స్పార్కు ప్లగ్గులు తీసి, క్రాంకును పానాతో దాని సహజమైన దిశలోనే నెమ్మదిగా తిప్పవలెను. పై పుల్లీ మీద, కింది పుల్లీ మీద ఒక్కొక్క గుర్తు ఉంటుంది. ఆ రెండూ తమ ఎదుట ఇంజనుపై ఉన్న గుర్తులకు ఏకకాలంలో సరిపడినప్పుడే బిగుతు చక్రాన్ని వదులు చేసి పాత బెల్టును తీయవలెను. ఆ పిమ్మట ఏ ఇరుసునూ కదిలించరాదు. బెల్టు మీద నూనె మరకలున్నచో ఆయిలు సీలు కారుతున్నదన్న మాట. దానిని బాగుచేయకుండా కొత్త బెల్టు వేయడం డబ్బు దండుగ. కొత్త బెల్టును మెలిపెట్టడం, మడవడం కూడదు.

బెల్టు తొడిగి, బిగుతు చక్రపు స్ప్రింగును దాని పని దానిని చేయనిచ్చి, క్రాంకును చేతితో రెండు నిండు చుట్లు తిప్పవలెను. మధ్యలో గట్టిగా అడ్డు తగిలితే అక్కడికక్కడే ఆపవలెను. వాల్వు పిస్టనుకు తగిలినట్లు చేతికి తెలుస్తుంది; స్టార్టరు మోటారుకు తెలియదు. రెండు చుట్ల తరువాత నాలుగు గుర్తులూ తిరిగి కలిసినవా, సరే. ఒక్క పన్ను తేడా ఉన్నా బెల్టు తీసి మొదటి నుండి చేయవలసినదే. కలిసిన తరువాత బిగుతు చక్రపు బోల్టును పుస్తకంలో చెప్పినంత బిగించి, మూత పెట్టి, ఆనాటి తేదీని, మీటరులోని కిలోమీటర్లను మూతపైనే పెయింటుతో వ్రాసి ఉంచవలెను.