తెర తెలిస్తేనే సేవ చేరువ: డిజిటల్ రూపకల్పనలో తెలుసుకోవలసిన పదాలు

1955 నాటి భారత్-సోవియట్ ఒప్పందంతో రూపుదిద్దుకున్న భిలాయి ఉక్కు కర్మాగారంలో 1959లో ఉత్పత్తి ఆరంభమైంది. ఉపాధికై తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు ఉక్కునగరంలోనూ, దానిని ఆనుకుని ఉన్న రిసాలి వంటి ప్రాంతాల్లోనూ స్థిరపడ్డాయి. కొలిమి వేడిని లెక్కచేయని ఆ తరం కార్మికులు పదవీ విరమణ అనంతరం చిన్న ఫోను తెర ముందు తడబడుతున్నారంటే ఆశ్చర్యపోనక్కరలేదు.

పింఛనుదారులు ఏటా జీవన ప్రమాణ పత్రం సమర్పించాలి. లేనిపక్షంలో పింఛను నిలిచిపోతుంది. దీనిని డిజిటల్ రూపంలో అందజేసే 'జీవన్ ప్రమాణ్' సేవ 2014 నవంబరు 10న ప్రారంభమైంది. 2021 నవంబరులో ముఖ గుర్తింపు విధానం కూడా తోడైంది. ఇటువంటి సేవ ఎంత సులభంగా అందుతుందన్నది దాని రూపకల్పనపై ఆధారపడి ఉంటుంది. ఆ రంగంలో వాడే కొన్ని పదాలను పరిశీలిద్దాం.

ఇంటర్‌ఫేస్: మనిషికీ యంత్రానికీ నడుమ ఉండే తలం. కర్మాగారంలో యంత్రాన్ని ఆపే ఎర్రటి మీట ఎటువంటిదో, ఫోనులో 'సమర్పించు' అనే బటన్ అటువంటిదే.

యూజర్ ఎక్స్‌పీరియన్స్: వినియోగదారుని సమగ్ర అనుభవం. యాప్ తెరవడం మొదలు పని పూర్తయ్యేవరకు ఎదురయ్యే ప్రతి దశా ఇందులో భాగమే. 1990ల తొలినాళ్లలో ఆపిల్ సంస్థలో పనిచేసిన డొనాల్డ్ నార్మన్ ఈ పదాన్ని ప్రచారంలోకి తెచ్చారు.

ఫీడ్‌బ్యాక్: చేసిన పనికి వ్యవస్థ ఇచ్చే ప్రతిస్పందన. ధ్రువపత్రం తయారైన పిమ్మట 'ప్రమాణ్ ఐడీ'తో ఫోనుకు వచ్చే సందేశం ఇందుకు ఉదాహరణ. ఈ సంఖ్యను భద్రపరచుకోవడం శ్రేయస్కరం.

వైర్‌ఫ్రేమ్, ప్రోటోటైప్: మొదటిది ఇంటి ప్లాను వంటి గీతల చిత్రం. ఏ అంశం తెరపై ఎక్కడ ఉండాలో అది సూచిస్తుంది. రెండవది వాడి చూడడానికి వీలైన నమూనా.

యూజబిలిటీ టెస్టింగ్: అసలు వినియోగదారుల చేత ఆ నమూనాను వాడించి, వారు ఎక్కడ ఆగిపోతున్నారో గమనించడం. వృద్ధుల కోసం ఉద్దేశించిన సేవను యువ ఉద్యోగులతో మాత్రమే పరీక్షిస్తే లోపాలు బయటపడవు.

యాక్సెసిబిలిటీ: చూపు మందగించినవారు, వేళ్లు వణికేవారు సైతం వాడగలగడం. సాధారణ పరిమాణంలోని అక్షరాలకూ వాటి వెనుక రంగుకూ మధ్య కాంతి వ్యత్యాసం కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలని అంతర్జాతీయ వెబ్ మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి. భాష కూడా ఇందులో కీలకమే. ఇంట తెలుగు, వీధిలో హిందీ మాట్లాడే కుటుంబంలో పెద్దలకు తెరపైని ఆంగ్లం మూడవ భాష అవుతుంది.

వాడుకలో జరిగే పొరపాట్లకు మనుషులను నిందించే ముందు వస్తువు రూపకల్పనను పరిశీలించాలని నార్మన్ వాదించారు. కనుక తెర అర్థం కానప్పుడు సంకోచించవలసిన పనిలేదు. బ్యాంకు శాఖలోనో, తపాలా కార్యాలయంలోనో, కామన్ సర్వీస్ సెంటర్‌లోనో సహాయం పొందవచ్చు. ఏ మెట్టు వద్ద ఆగిపోయారో అక్కడ స్పష్టంగా చెప్పగలిగితే, ఆ మాటే తదుపరి రూపకల్పనకు దారి చూపుతుంది.