చైనా అఖ్బార్ అమెరికాను తిట్టిందంటే యుద్ధం వచ్చినట్టేనా?

"అమెరికాకు చైనా ఆఖరి వార్నింగ్!" ఇలాంటి హెడ్డింగుతో నెలకు రెండు మూడు వీడియోలైనా మన ఫోన్లకు వస్తుంటాయి. పెద్దతిప్పసముద్రం అయినా, మదనపల్లె అయినా, మన ఇళ్లలో పెద్దవాళ్లు ఉర్దూ యూట్యూబ్ చానళ్లు చూస్తారు, పిల్లలు తెలుగు చానళ్లు చూస్తారు. ఉర్దూ చానల్‌లో చైనా మొనగాడు, అమెరికాను లల్కారించిన దోస్తు. తెలుగు చానల్‌లో అదే చైనా బరితెగించిన డ్రాగన్. తీరా వెతికి చూస్తే చాలాసార్లు ఇద్దరికీ ఆధారం ఒకటే: గ్లోబల్ టైమ్స్ అనే చైనా పేపర్లో వచ్చిన ఏదో ఒక వ్యాసం. కువైట్‌లోనో సౌదీలోనో కొడుకు ఉన్న తల్లికి మాత్రం ఈ రెండు చానళ్లు చూశాక రాత్రి నిద్ర పట్టదు.

అందుకే ముందు ఈ పేపర్లు ఎవరివో తెలుసుకోవాలి. చైనాలో పత్రిక అంటే మన దగ్గరలాగా ఒక యజమాని, ఆయనకు నచ్చిన పార్టీ అనే లెక్క కాదు. పీపుల్స్ డైలీ 1948లో మొదలైంది, కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ సొంత పత్రిక. షిన్హువా సర్కారు వార్తా సంస్థ. ఇక గ్లోబల్ టైమ్స్ పీపుల్స్ డైలీ ఇంటి పిల్లే. 1993లో చైనీస్‌లో పుట్టింది, ఇంగ్లిష్ ఎడిషన్ 2009లో వచ్చింది. ఇంట్లో పెద్దాయన నోరు తెరిస్తే అది ఇంటి మాట. చిన్నోడు వీధిలో నిలబడి అరిస్తే అది ఇంటి మాట కావచ్చు, కాకపోవచ్చు. మనకు చేరేది ఎక్కువగా చిన్నోడి అరుపే. ఇంగ్లిష్‌లో ఉంటుంది, ఘాటుగా ఉంటుంది, వీడియోకు బాగా పనికొస్తుంది.

పెద్దాయన మాటలోనూ అంతస్తులున్నాయి. పీపుల్స్ డైలీలో విదేశీ వ్యవహారాల మీద "జోంగ్ షెంగ్" అనే పేరుతో వ్యాసాలు వస్తాయి. అది మనిషి పేరు కాదు. గంట మోత అని అర్థం, పలికితే "చైనా గొంతు" అన్నట్టు కూడా వినబడుతుంది. ఆ సంతకంతో వచ్చిందంటే అది ఎవరో ఒక విలేకరి సొంత అభిప్రాయం కాదని అక్కడి వాళ్లకు తెలుసు.

గ్లోబల్ టైమ్స్‌కు చాలా ఏళ్లు ఎడిటర్‌గా ఉన్న హు షీజిన్ సంగతి చూడండి. 2021 చివర్లో ఆ కుర్చీ దిగినా రాయడం ఆపలేదు. 2022లో అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ తైవాన్ వెళ్తారని తెలియగానే, ఆమె విమానానికి అమెరికా ఫైటర్లు కాపలా వస్తే ముందు హెచ్చరించాలని, వినకపోతే కూల్చేయొచ్చని ట్వీట్ పెట్టాడు. ప్రపంచమంతా గగ్గోలు. ఆగస్టు 2న పెలోసీ తైవాన్‌లో దిగారు. ఎవరూ ఏమీ కూల్చలేదు. చైనా చేసింది వేరు: 4వ తేదీ నుంచి తైవాన్ చుట్టూ భారీ సైనిక విన్యాసాలు, అమెరికాతో కొన్ని సైనిక చర్చల రద్దు. అది చిన్న విషయమేం కాదు. కానీ ట్వీట్ చెప్పింది ఒకటి, ప్రభుత్వం చేసింది ఇంకొకటి.

మరి నిజమైన దెబ్బ ఎక్కడ కనబడుతుంది? కోపం పేపర్లో ఉంటుంది, దెబ్బ జీవోలో ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ చైనా సరుకుల మీద సుంకాన్ని 145 శాతం దాకా, చైనా అమెరికా సరుకుల మీద 125 శాతం దాకా తీసుకెళ్లాయి. ఆ గొడవ మధ్యలో, ఏప్రిల్ 7న పీపుల్స్ డైలీ మొదటి పేజీలో వచ్చిన వ్యాసం సారాంశం ఏమిటంటే, కంగారు పడొద్దు, మన పని మనం చూసుకుందాం అని! అది అమెరికాకు రాసింది కాదు, సొంత జనానికి ధైర్యం చెప్పింది. అప్పటికే, ఏప్రిల్ 4న, అరుదైన ఖనిజాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేస్తూ ఒక నోటీసు వచ్చేసింది. సాదాసీదా ఆఫీసు భాష. దాని దెబ్బకు మాగ్నెట్లు దొరక్క ఇండియాలో ఎలక్ట్రిక్ బండ్ల కంపెనీలు కూడా అవస్థ పడ్డాయి.

పట్టు పని చేసే మన వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. 2011లో కేంద్రం ముడి పట్టు దిగుమతి సుంకాన్ని 30 నుంచి 5 శాతానికి తగ్గించినప్పుడు ఏ పేపరూ గర్జించలేదు. పట్టుగూళ్ల ధర మాత్రం పడిపోయింది.

అలాగని పేపర్ మాటలన్నీ ఉత్తవేనా? కాదు. "ముందే చెప్పలేదని తర్వాత అనొద్దు" అనే ఒక పాత చైనా మాట ఉంది. 1962 సెప్టెంబర్ 22న పీపుల్స్ డైలీ ఆ మాటను మన దేశాన్ని ఉద్దేశించి వాడింది. నెల తిరక్కుండానే, అక్టోబర్ 20న యుద్ధం. 1978 డిసెంబర్ 25న వియత్నాం మీద వాడింది, 1979 ఫిబ్రవరి 17న సైన్యం వెళ్లింది. అందుకే 2019 మేలో అదే మాట అమెరికా మీద, అరుదైన ఖనిజాల విషయంలో వాడగానే లోకం ఉలిక్కిపడింది. కానీ ఈసారి జరిగింది ఏమిటి? 2020 జనవరి 15న వాషింగ్టన్‌లో ఇద్దరూ కూర్చొని వ్యాపార ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. మాట అదే, ఎదుటివాడు వేరు. ఇండియాతో, వియత్నాంతో చేసినట్టు అమెరికాతో చేయలేమని బీజింగ్‌కు బాగా తెలుసు.

మౌనం కూడా ఒక వార్తే. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది జవాన్లు అమరులయ్యారు. గ్లోబల్ టైమ్స్ ఇంగ్లిష్‌లో రోజూ మాట్లాడింది. చైనా వైపు ఎంతమంది చనిపోయారో మాత్రం 2021 ఫిబ్రవరి దాకా బయటపెట్టలేదు. అప్పుడు కూడా నలుగురే అన్నారు.

ఒక్కోసారి మాట లేకుండా ఫొటోతోనే కబురు పంపుతారు. 1970 డిసెంబర్ 25న పీపుల్స్ డైలీ మొదటి పేజీలో మావో పక్కన ఒక అమెరికన్ నిలబడ్డ ఫొటో వచ్చింది. ఆయన ఎడ్గార్ స్నో అనే రచయిత. అమెరికాతో మాట్లాడటానికి రెడీ అని దాని భావం. అమెరికా వాళ్లకు అప్పుడు అర్థమే కాలేదని కిసింజర్ తర్వాత రాసుకున్నాడు. 1971 జూలైలో ఆయనే పాకిస్తాన్ వచ్చి, ఒంట్లో బాగోలేదని చెప్పి, రహస్యంగా బీజింగ్ వెళ్లాడు. 1972 ఫిబ్రవరిలో నిక్సన్ వెళ్లాడు. ఇరవై ఏళ్లు "అమెరికా సామ్రాజ్యవాదం" అని రోజూ తిట్టిన పేపర్లోనే నిక్సన్‌తో మావో కరచాలనం వచ్చింది.

ఈ కథకు మన తెలుగు నేల మీద ఒక తోక ఉంది. 1967 జూలై 5న పీపుల్స్ డైలీ నక్సల్బరీని వసంత మేఘగర్జన అని పొగిడింది. ఆ తర్వాత శ్రీకాకుళం గిరిజన పోరాటాన్ని కూడా చైనా రేడియో, పత్రికలు ఆకాశానికెత్తాయి. 1970 జూలైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతిలో చనిపోయారు. కొద్ది నెలల్లోనే బీజింగ్ నుంచి పొగడ్త సన్నగిల్లి ఆగిపోయింది. ఉద్యమంలో లోపాలు, చైనా నాయకులకు నచ్చని నినాదాలు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి, అమెరికా ఒక్కటే కారణం అనడం తొందరపాటే. కానీ ఆ పొగడ్తను నమ్ముకున్న కొండ పల్లెల వాళ్లకు ఎవరూ వచ్చి లెక్క చెప్పలేదు.

మన ఇళ్లలో జరిగే చర్చకు ఇది నేరుగా తగులుతుంది. 2023 మార్చి 10న సౌదీ, ఇరాన్ బీజింగ్‌లో చేతులు కలిపినప్పుడు చైనా పేపర్లు దాన్ని పండగలా రాశాయి. మంచి పనే జరిగింది, కాదనలేం. గాజా విషయంలో అమెరికా వీటోలను అవి గట్టిగా నిలదీస్తాయి. ఇరాక్, గ్వాంటనామో గుర్తు చేస్తాయి. వాటిలో చాలావరకు నిజమే. అయితే షింజియాంగ్‌లోని వీగర్ ముస్లింల మాట రాగానే అదే కలం అడ్డం తిరుగుతుంది. 2022 ఆగస్టు 31న ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం అక్కడ జరిగినవి మానవత్వం మీద నేరాలు కావచ్చని నివేదిక ఇచ్చింది. చైనా పత్రికలకు అది అమెరికా ఆడించిన నాటకం. అమెరికాకు వీగర్ల మీద ఉన్న ప్రేమ ఏపాటిదో మనకూ తెలుసు. ఒకరు గాజా చూపి వీగర్లను దాస్తారు, ఇంకొకరు వీగర్లను చూపి గాజాను దాస్తారు. చైనాను ఎత్తుకునే ఉర్దూ చానళ్లలో మొదటి సగమే వినబడుతుంది, రెండో సగం మనం అడిగి తెలుసుకోవాల్సిందే.